కొల్లేట్లో గూళ్ల కాలం: వెళ్లేవారికీ, లంకల వారికీ కొన్ని జాగ్రత్తలు

దసరా దాటాక కొల్లేట్లో పక్షుల సందడి మొదలవుతుంది. సూదితోక బాతుల్లాంటివి ఉత్తరాది చలిదేశాల నుంచి వస్తాయి. అన్నిటినీ కలిపి సైబీరియా పక్షులు అనేస్తుంటారు గానీ, కైకలూరు పక్కన ఆటపాకలో గూళ్లు కట్టే గూడబాతులు (పెలికాన్లు) మన దేశపువే. వాటి పిల్లలు ఇక్కడే పుడతాయి కాబట్టి మన జాగ్రత్త కూడా ఇక్కడే ఎక్కువ కావాలి.

గూడబాతు పిల్ల గుడ్డులోంచి వచ్చేటప్పుడు ఒంటిమీద ఒక్క ఈక ఉండదు. తల్లో తండ్రో ఎండకు అడ్డంగా రెక్క పట్టి నిలబడాలి. ఫొటో కోసం పడవ దగ్గరికి పోనిస్తే పెద్దపక్షి లేచిపోతుంది. మిగిలేది పచ్చి చర్మం మీద ఎండ, పైన కాచుకున్న కాకులు, గద్దలు. అందుకే పక్షులు గూళ్లు కట్టుకోవడానికి నీళ్లలో నిలబెట్టిన స్టాండ్లకు దూరంగానే పడవ ఆపమనండి. పాటలు, ఈలలు వద్దు. డ్రోన్ అసలు తేవొద్దు. పక్షి మెడ నిక్కించి మీ వైపే చూస్తోందంటే అప్పటికే మరీ దగ్గరికి వచ్చారని అర్థం, మెల్లగా వెనక్కి తిప్పించండి.

సంక్రాంతి సరిగ్గా ఈ కాలంలోనే వస్తుంది. చెరువుగట్ల మీద పతంగులు ఎగరేయకండి, నిషేధించిన చైనా మాంజా ఎక్కడా వాడకండి. తెగిన దారం తుమ్మకొమ్మకు చుట్టుకుని నెలల తరబడి ఉంటుంది.

చేపల చెరువుల వారికి పక్షులతో నష్టం ఉన్నమాట నిజమే. కానీ కంటికి ఆనని సన్న నైలాన్ దారాలు కడితే పక్షి చిక్కి చస్తుంది, చేపలకు మాత్రం పూర్తి కాపలా దొరకదు. లావు తాళ్లు కట్టి మెరిసే రిబ్బన్లు వేలాడదీయండి. ఎక్కడైనా పక్షి చిక్కితే దారం లాగకండి, చర్మం చీలుతుంది. తలమీద గుడ్డ కప్పి, ముక్కు మీ కళ్లకు తగలకుండా చూసుకుంటూ దారాన్ని రెండువైపులా కత్తిరించండి. ఒంటికి చుట్టుకున్నది పశువైద్యుడు తీస్తారు.

1999లో కొల్లేరు సరస్సును ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీత) దాకా, మొత్తం 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపూ వచ్చింది. 2006లో అక్రమ చెరువుల గట్లు కొట్టేశారు. మళ్లీ గట్లు లేచిన చోట నీటి పారుదల ఆగి, డ్రెయిన్ల మురికి నిలిచిపోతోంది. కనీసం ఈ నెలల్లోనైనా మందులు కలిపిన చెరువునీటిని సరస్సులోకి వదలొద్దు. కొత్త గట్టు లేస్తుంటే అటవీ అధికారులకు రాతపూర్వకంగా తెలపండి.

చనిపోయిన పక్షిని వట్టి చేత్తో ముట్టకండి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. కుక్కలు ఈడ్చుకుపోకుండా చూస్తూ అటవీ సిబ్బందికీ పశువైద్యుడికీ ఫోన్ చేయండి. చనిపోయిన పక్షి పడి ఉన్న చోట తిరిగిన చెప్పులు కడగకుండా ఇంటి కోళ్ల దగ్గరికి వెళ్లకండి.