ఏ గొర్రె ఉన్ని ఎంత మెత్తన? ఇంట్లోనే కొలిచి చూడండి

మా వరంగల్ వైపు ఉన్ని అంటే గొంగడే. చలికీ వానకూ అంత ధైర్యం ఇంకోటి లేదు, కానీ మెడకు తగిలితే గరగర. మెరినో ఉన్ని మఫ్లర్ మాత్రం రోజంతా చుట్టుకున్నా గుచ్చదు. రెండూ గొర్రె ఉన్నే. తేడా ఎక్కువగా పోగు లావులో ఉంది.

ముందు నమూనా సరిగ్గా తీయాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఒకే గొర్రెకు భుజం దగ్గర ఉన్ని సన్నగా, తొడ వెనక లావుగా ఉంటుంది. అందుకే కత్తెర వేసే రోజు కుర్మల ఇంటికి వెళ్లి, "పెద్దయ్యా, డొక్క మీది ఉన్ని గుప్పెడు ఇయ్యరాదు" అని అడగండి. ప్రతి గొర్రెకూ అదే చోటు. గొర్రెపిల్లల తొలి కత్తిరింపు ఉన్ని మెత్తగా ఉంటుంది, దాన్ని పెద్దవాటితో పోల్చొద్దు. నెల్లూరు రకం ఒంటి మీద ఉండేది వెంట్రుకే. మనకు కావలసింది దక్కని గొర్రె నల్ల ఉన్ని.

అన్నిటినీ గోరువెచ్చని కుంకుడు రసంలో ఒకేలా నానబెట్టి, రుద్దకుండా జాడించి, నీడలో ఆరేయండి. రుద్దితే ముద్ద కడుతుంది. జిడ్డు మిగిలితే చెయ్యి మోసపోతుంది.

ఇప్పుడు అసలు కొలత. ఎర్ర లేజర్ పాయింటర్ కొనండి, దాని మీద 650 నానోమీటర్లు అని ఉండాలి. అట్టముక్కకు రంధ్రం చేసి, దానికి అడ్డంగా ఒక్క పోగును నిటారుగా టేపుతో అంటించండి. అట్టను గోడకు సరిగ్గా 2 మీటర్ల దూరంలో నిలబెట్టి, చీకటి గదిలో కాంతిని పోగు మీద వేయండి. కాంతిని ఎవరి కంట్లోనూ పడనివ్వకండి. గోడ మీద ఎర్రటి చార పక్కలకు సాగి, మధ్యమధ్య చీకటి ఖాళీలు కనబడతాయి. నడిమి వెలుగుకు ఇటూ అటూ ఉన్న మొదటి రెండు ఖాళీల మధ్య దూరాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, 2600ను దానితో భాగించండి. వచ్చేది పోగు లావు, మైక్రాన్లలో. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మా ఇంటి గొంగడి అంచు నుంచి లాగిన పోగుకు ఆ దూరం 58 వచ్చింది, అంటే దాదాపు 45 మైక్రాన్లు. 20 మైక్రాన్ల మెరినో పోగుకైతే 130 రావాలి.

సగటు ఒక్కటే చూస్తే సరిపోదు. గుచ్చేవి 30 మైక్రాన్లు దాటిన పోగులే. లావు రెట్టింపైతే బిరుసు 16 రెట్లవుతుంది. సన్న పోగు చర్మానికి తగలగానే వంగిపోతుంది, లావుది ముల్లులా నిలబడుతుంది. అలాంటివి వందలో ఐదు దాటితే చాలు, చర్మం ఓర్చుకోదు. కాబట్టి గోడకు కాగితం అంటించి, 87 మిల్లీమీటర్ల ఎడంతో రెండు గీతలు గీయండి. చీకటి ఖాళీలు ఆ గీతల లోపల పడితే అది గుచ్చే పోగు. ఒక్కో ఉన్ని నుంచి 50 పోగులు చూసి లెక్క రాసుకోండి. ఓపిక కావాలి, కానీ ఫలితం ఇక్కడే తేలుతుంది.

చివరికి చర్మాన్ని అడగండి. అరచేతి తోలు మందం, దానికి తెలియదు. కళ్లు మూసుకుని, ఇంకొకరితో రెండేసి నమూనాలు మెడ పక్కన అద్దించుకోండి. మెడ చెప్పింది, గోడ చెప్పింది కలవకపోతే ఇంకో 50 పోగులు తీసి మళ్లీ లెక్కపెట్టండి.