కష్టకాలంలో ఇంట్లోనే ఒక్కరే ఆల్బమ్ రికార్డ్ చేయడం ఎలా?

మనసు బాగాలేనప్పుడు పాట ఎలాగో పుట్టుకొస్తుంది. రికార్డింగ్ దగ్గరే ప్రాణం విసుగెత్తుతుంది. ఏ మైకు, ఎన్ని వాద్యాలు, మళ్లీ పాడాలా, ఇది సరిపోతుందా... అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ లేరు, అన్నీ మీ నెత్తినే. కాబట్టి మొదటి పని, తేల్చుకోవాల్సినవి తగ్గించుకోవడం.

ఆరేడు పాటలు చాలు. పాటకు నాలుగు ట్రాకులు, అంటే విడివిడిగా రికార్డ్ చేసి కలిపే గొంతు, వాద్యాల పొరలు, దాటకూడదని పెట్టుకోండి. ఇంగ్లండ్ బ్యాండ్ బీటిల్స్ విడిపోతున్న రోజుల్లో అందులోని పాల్ మెకార్ట్‌నీ తన సోలో ఆల్బమ్‌ను మొదలుపెట్టింది ఇంట్లోనే, నాలుగు ట్రాకుల మెషిన్ మీద. వాద్యాలన్నీ తనే వాయించుకున్నాడు. 1970లో అది బయటికొచ్చింది.

తర్వాత గది. మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టండి. ‘టంగ్’మని మోగితే అక్కడ పాడొద్దు. పరుపు, కర్టెన్లు, బట్టలు ఉన్న గది మేలు. మందపాటి దుప్పటి ఒకటి మీ వెనక వేలాడదీయండి. చాలామంది మైకు వెనక కడతారు కానీ, మామూలు మైకు ఎక్కువగా వినేది తన ముందు వైపే. మీ వెనక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దమే అందులో పడుతుంది. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫ్రిజ్ ఆపితే ఇంటి తాళాలు అందులోనే పెట్టండి, బయటికెళ్లేటప్పుడైనా ఆన్ చేయాలని గుర్తొస్తుంది. నేను ఓసారి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయి పాలన్నీ పారబోశాను.

సామాను గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. ఒక యూఎస్‌బీ మైకు, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ సరిపోతాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉంచితే ప, ఫ, భ దగ్గర గాలి కొట్టదు. సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో రికార్డింగ్ నాణ్యతను 24 బిట్‌గా పెట్టుకుని, గట్టిగా పాడే చోట శబ్దం స్థాయి చూపే మీటర్ మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా చూడండి. 0 తాకితే శబ్దం చిట్లుతుంది, తర్వాత బాగుచేయడం కష్టం.

రికార్డ్ నొక్కాక పది సెకన్లు ఊరికే ఉండండి. గది హోరును తగ్గించేటప్పుడు ఆ ముక్క పనికొస్తుంది. మొదట హెడ్‌ఫోన్స్‌లో క్లిక్ (తాళం చూపే టిక్ టిక్ శబ్దం) వింటూ పాటంతా సాదాగా పాడేయండి, ఇది దారి కోసమే. దాని మీద వాద్యాలు, చివర్లో అసలు గొంతు. ఆ తర్వాత మొదటిది తీసేయండి. ఒక్కో పాటకు మూడు టేకులు, అంటే మూడుసార్లు పాడి రికార్డ్ చేయడం, అంతే. గొంతు వణికిందని వెంటనే చెరపకండి. రెండు రోజులాగి వినండి. శ్రుతి పోయి ఉంటే మళ్లీ పాడండి, వణుకు మాత్రమే అయితే నేనైతే ఉంచేస్తాను. అసలు పాడలేని రోజూ వస్తుంది. ఆ రోజు తీగలు శ్రుతి చేసుకుని, ఫైళ్లకు పేర్లు పెట్టుకుని లేచిపోండి.

మిక్సింగ్, అంటే గొంతూ వాద్యాలూ ఎంత వినిపించాలో సరిచూసి కలపడం, తక్కువ సౌండ్‌లో చేయండి. అప్పుడు కూడా మాటలు తెలుస్తుంటే గొంతు సరిగ్గా కూర్చున్నట్టే. ఫోన్ స్పీకర్‌లో ఒకసారి, వరసగా అన్ని పాటలూ ఒకసారి వినండి, ఒకటి అరుస్తూ ఇంకోటి గొణుగుతూ ఉండకూడదు. నాణ్యత తగ్గని వేవ్ (WAV) ఫైళ్లుగా తీసి రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఎవరికైనా వినిపించాలా వద్దా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.