దెబ్బ తగిలిన చోట వాచిందా? ముందు ఎన్నాళ్ళయిందో చూడండి

“వాపు లాగీసే మాత్రొకటి ఇయ్యి బాబూ.” ఒడిశా పర్లాకిమిడిలో మా మందుల షాపు ముందు సంత రోజున ఎక్కువగా వినబడే మాట ఇది. కొండ దిగి వచ్చే సవర ఆడవాళ్ళు, కాశీనగర్ వైపు రైతులు, ఆటోవాళ్ళు, అందరూ ఇదే అడుగుతారు. నేను తిరిగి అడిగేదీ ఒకటే: “దెబ్బ తగిలి ఎన్నాళ్ళయింది తాతా? నిన్నటికంటే తగ్గిందా, పెరిగిందా?” నాకు మాత్ర కంటే ఆ జవాబు ముఖ్యం. దెబ్బ తగిలిన చోట వాచిందంటే ఒళ్ళు బాగుచేత మొదలుపెట్టిందన్నమాట. ఆ పని సవ్యంగా నడుస్తోందా, దారి తప్పిందా అన్నది రోజుల లెక్కలోనే తెలుస్తుంది.

సమస్య: దెబ్బ తగిలిన కాసేపటికే ఎర్రబడి వేడెక్కింది

కారణం కళ్ళారా చూడొచ్చు. స్కేలు అంచుతో ముంజేతి మీద కాస్త గట్టిగా ఒక గీత గీయండి, చర్మం తెగకుండా. కొన్ని సెకన్లలో సన్నటి ఎర్ర గీత తేలుతుంది. తర్వాత దాని చుట్టూ ఎరుపు పరుచుకుంటుంది. ఇంకో రెండు మూడు నిమిషాలకి గీత మీద చర్మం కొద్దిగా పొంగుతుంది. అందరికీ పొంగు అంత స్పష్టంగా కనబడదు కానీ ఎరుపు కనబడుతుంది. థామస్ లూయిస్ అనే బ్రిటిష్ డాక్టరు 1927లో ఈ మూడు మెట్లనూ వివరంగా రాశాడు. చర్మం కింద కాపలా కాసే మాస్ట్ కణాలు దెబ్బ తగలగానే హిస్టమిన్ అనే రసాయనాన్ని వదులుతాయి. దాంతో అక్కడి సన్న రక్తనాళాలు వెడల్పై, రక్తం ఎక్కువగా చేరుతుంది. ఆ ఎరుపు రక్తానిదే, ఆ వేడీ లోపలినుంచి వచ్చిన రక్తానిదే. చేతుల, కాళ్ళ చర్మం మామూలుగా ఒంటి లోపలికంటే చల్లగా ఉంటుంది కాబట్టి తేడా చేతికి తెలుస్తుంది.

ఏం చేయాలి: చర్మం తెగితే ధారగా పడే నీళ్ళతో, సబ్బుతో కడగండి. కాఫీ పొడి, సున్నం, పేడ గాయంలో కూరొద్దు. మట్టి, తుప్పు తగిలిన గాయమై, ధనుర్వాతం సూది వేయించుకుని ఐదేళ్ళు దాటితే మళ్ళీ వేయించుకోండి. కాలితే 20 నిమిషాలు మామూలు నీళ్ళ కింద పెట్టండి, ఐసు పెట్టొద్దు.

మా జిల్లాలో జీడితోటలున్న ఇళ్ళకి ఇంకో మాట. జీడిపిక్క పెంకులోని నూనెలో కార్డాల్, అనకార్డిక్ ఆమ్లం ఉంటాయి. అవి చర్మాన్ని నిజంగానే కాలుస్తాయి. వేలి సందులు నల్లబడి, బొబ్బలెక్కి వచ్చే ఆడవాళ్ళని ప్రతి వేసవిలో చూస్తుంటాను. నూనె అంటిన వెంటనే సబ్బుతో కడిగేయండి. బొబ్బలు చిదమొద్దు. పిక్కలు కొట్టేటప్పుడు చేతికి గ్లౌజులు తొడుక్కోండి.

సమస్య: కాలు బెణికి సాయంత్రానికి కుండలా ఉబ్బింది

సన్న సిరల గోడల్లో కణాలు కుంచించుకుని మధ్యలో సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల్లోంచి రక్తంలోని నీరు, ప్రోటీన్లు బయటికి ఊరతాయి. క్రిములని పట్టే యాంటీబాడీలు, దెబ్బ చుట్టూ వలలా అల్లుకునే ఫైబ్రిన్ తయారీకి కావలసిన సరుకు ఆ నీటిలోనే వస్తాయి. కాబట్టి ఉబ్బు దండగ కాదు. మరీ ఎక్కువైతే మాత్రం బిగుసుకుని బాధపెడుతుంది.

మొదటి రెండు రోజులు కాలికి పని చెప్పొద్దు. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు పెట్టి తీసేయండి, రెండు మూడు గంటలకోసారి చాలు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, పడుకున్నప్పుడు కాలు గుండెకంటే ఎత్తులో ఉండేలా దిండ్లు వేయండి. వేళ్ళు చల్లబడినా, తిమ్మిరెక్కినా కట్టు వదులు చేయాలి. “నరం తప్పింది” అని నూనె రాసి గట్టిగా గుంజించడం మాత్రం వద్దు. అప్పుడే అతుక్కుంటున్న సన్న నాళాలు మళ్ళీ తెగి, ఉబ్బు ఇంకా పెరుగుతుంది. నాలుగడుగులు కూడా వేయలేకపోతున్నా, చీలమండ ఎముక మీద వేలు పెడితే ప్రాణం పోతున్నట్టున్నా ఎక్స్‌రే తీయించండి.

సమస్య: రాత్రంతా సలుపు, నిద్ర లేదు

దెబ్బ చోట బ్రాడీకైనిన్, ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై నరాల కొసల్ని రేపుతాయి. దాంతో మామూలుగా తగిలినా నొప్పిగానే ఉంటుంది. ఆస్పిరిన్ లాంటి మాత్రలు ఈ ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే ఆపుతాయని జాన్ వేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1971లో చూపించాడు. 1982లో ఆయనకి నోబెల్‌లో భాగం దక్కింది.

ముందు పారాసెటమాల్ వేసుకోండి. డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ కడుపులో పుండున్నవాళ్ళకి, కిడ్నీ జబ్బున్నవాళ్ళకి, గర్భిణులకి ప్రమాదం. జ్వరం కూడా ఉంటే అసలొద్దు. మన వైపు మలేరియా ఉంది, డెంగీ వస్తోంది. దెబ్బ వల్లే జ్వరమనుకుని కూర్చోకుండా ఆశా దీదీ చేత రక్తం చూపించుకోండి.

సమస్య: చీము పట్టింది

చీమంటే అసహ్యపడతాం గానీ, అందులో ఎక్కువ భాగం మన కోసం చచ్చిపోయిన తెల్ల కణాలే. దెబ్బ తగిలిన కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు రక్తనాళం గోడ వెంట దొర్లుతూ, అతుక్కుని, సందులోంచి దూరి బయటికొస్తాయి. క్రిముల్ని మింగి చస్తాయి. ఒకటి రెండు రోజుల తర్వాత మాక్రోఫేజ్‌లు అనే ఇంకో రకం కణాలు వచ్చి ఆ శవాల్ని ఎత్తి చోటు శుభ్రం చేస్తాయి. కణాలు ఇలా మింగి మనల్ని కాపాడతాయన్న ఆలోచన ఒక ముల్లు దగ్గర పుట్టింది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో మెచ్నికోవ్ అనే జీవశాస్త్రవేత్త, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప పిల్లలో ముల్లు గుచ్చి వదిలేశాడు. తెల్లారి చూస్తే కదిలే కణాలు ముల్లు చుట్టూ మూగి ఉన్నాయి. 1908లో ఆయనకి నోబెల్ ఇచ్చారు.

చిన్న గడ్డకి గోరువెచ్చటి నీళ్ళ కాపడం పెట్టండి, పిండొద్దు. ముక్కు మీద, పై పెదవి మీద లేచినదాన్ని అసలు ముట్టుకోవద్దు, అక్కడి సిరలు మెదడు వైపు పోతాయి. పెద్ద గడ్డయితే డాక్టరు కోసి చీము తీయాల్సిందే. గోడ కట్టిన గడ్డలోకి రక్తం సరిగ్గా చేరదు, రక్తం చేరని చోటికి యాంటీబయాటిక్ కూడా చేరదు. నాలుగు రోజులు మాత్రలు మింగి “పని చేయలేదు” అనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే.

సమస్య: గజ్జల్లో బిళ్ళ కట్టింది, ఎరుపు పాకుతోంది

కాలి పుండుకి గజ్జల్లో బిళ్ళ కట్టడం వింత కాదు. ఆ కాలినుంచి వచ్చే క్రిముల్ని పట్టే చోటు అదే. ఎరుపు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయండి. కొన్ని గంటలకే గీత దాటితే, కాలు పైకి ఎర్ర చార పాకితే, వణుకుతో జ్వరమొస్తే, పైకి కనిపించేదానికంటే నొప్పి విపరీతంగా ఉంటే ఆ పూటే ఆస్పత్రికి వెళ్ళాలి. రాత్రయినా ఆగొద్దు.

సమస్య: నొప్పి లేదు, కానీ మానట్లేదు

నేను భయపడేది దీనికే. సుగర్ ఎక్కువుంటే తెల్ల కణాలు మందగిస్తాయి, పాదాల నరాలు మొద్దుబారతాయి. అంటే దెబ్బ తగిలిందన్న కబురూ అందదు, వెళ్ళాల్సిన తెల్ల కణాలూ గట్టిగా పనిచేయవు. మా నాన్న మహేంద్రతనయ ఒడ్డున పొలంలో ముల్లు తొక్కారు. నొప్పి లేదన్నారు, నేనూ ఊరుకున్నాను. నొప్పి లేకపోవడమే చెడ్డ గుర్తని తెలిసి కూడా ఊరుకున్నాను. తొమ్మిదో రోజు చెప్పు విప్పితే వాసనొచ్చింది. రెండు వేళ్ళు తీసేశారు.

సుగర్ ఉన్నవాళ్ళకి పాదం మీద చిన్న గీరుకైనా అదే రోజు డాక్టరుకి చూపించాలి. డాక్టరు రాయకుండా కొందరు పొట్లం కట్టి ఇచ్చే తెల్ల మాత్రల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు. వాపు ఒక్క పూటలో దిగిపోతుంది, లోపల క్రిములు మాత్రం అడ్డు లేకుండా పెరుగుతాయి. పైగా సుగర్ ఎగబాకుతుంది. అవి ఎవరిచ్చినా వేసుకోవద్దు.

నాన్నకి ఇప్పుడు డెబ్బయ్యారేళ్ళు. రోజూ పడుకునే ముందు టార్చి వేసి ఆయన అరికాళ్ళు చూస్తాను, మిగిలిన వేళ్ళ సందులు కూడా.