మతాచార పశువధ చట్టాన్ని తూచి చూసే పద్ధతి

మతాచారం ప్రకారం జరిగే పశువధపై చట్టం రాయాలన్నా, ఉన్న చట్టాన్ని విమర్శించాలన్నా, అది జంతువు పడే ఏ బాధను ఏ దశలో తగ్గించదలచిందో ముందుగా తేల్చుకోవాలి. రవాణాలో, కట్టివేతలో, కోతలో, కోత తర్వాత స్పృహ పోయేవరకు గడిచే సమయంలో కలిగే బాధలు వేరువేరు కనుక, అన్నింటినీ క్రూరత్వం అనే ఒక్క మాటలో చుట్టేస్తే నిబంధన గురి తప్పుతుంది.

తర్వాత ఆ చట్టం ఒక్క మతాన్నే వేలెత్తి చూపుతున్నదేమో పరిశీలించండి. ఫ్లోరిడాలోని హయలియా నగరం, ఆఫ్రికా మూలాలతో క్యూబాలో రూపుదిద్దుకున్న సంతేరియా మతస్థుల జంతుబలిని నిషేధించి, ఇతర కారణాలతో చంపడాన్ని చాలావరకు వదిలేసినందువల్ల, 1993లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నగర చట్టాలను కొట్టివేసింది.

అసలు చిక్కు నిబంధన అందరికీ సమానంగా ఉన్నప్పుడే ఎదురవుతుంది. ఐరోపా సమాఖ్య 2009 నాటి 1099వ నిబంధన వధకు ముందు జంతువుకు స్పృహ తప్పించాలంటుంది. స్పృహలో ఉన్న పశువునే కోయాలనే ఆచారాలు ఉన్నందున, కబేళాలో జరిగే మతాచార వధకు (ముస్లింల హలాల్, యూదుల కోషర్ వంటివాటికి) మినహాయింపునిస్తూనే, సభ్యదేశాలు మరింత కఠినంగా వ్యవహరించవచ్చునంటుంది. ఆ వెసులుబాటుతో బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతం, ప్రాణం తీయకుండా తాత్కాలికంగా మాత్రమే స్పృహ తప్పించే పద్ధతిని మతాచార వధకు తప్పనిసరి చేసింది. దానిని 2020లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, 2024లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం సమర్థించాయి. ఈ పద్ధతిని కొందరు ముస్లిం పండితులు అంగీకరిస్తారు, యూదు మతాధికారులు సాధారణంగా అంగీకరించరు. అంటే ఒకరికి రాజీ అయినది మరొకరికి నిషేధమవుతుంది. కాబట్టి ఆయా సమాజాల పెద్దలను విడివిడిగా సంప్రదించకుండా ముసాయిదా సిద్ధం చేయడం అన్యాయం. స్పృహ తప్పించకుండా వధించిన మాంసాన్ని బయటి నుంచి దిగుమతి చేసుకోవడానికి అడ్డు లేదు కదా అనే వాదన భక్తుడికి కొంత ఊరట కావచ్చు గాని, జంతువు బాధను సరిహద్దు దాటించడమే తప్ప తగ్గించడం కాదని నా అభిప్రాయం.

మినహాయింపును ఉంచదలిస్తే దాని షరతులను వివరంగా రాయండి: శిక్షణ పొందిన వ్యక్తి, పదునైన కత్తి, పశువును కదలకుండా పట్టి ఉంచే సాధనం, స్పృహ పూర్తిగా పోయిందని నిర్ధారించిన తర్వాతే కట్టు విప్పడం, వీటన్నిటిపై పశువైద్యుడి తనిఖీ. లేబుల్ విషయంలోనూ జాగ్రత్త అవసరం. స్పృహ తప్పించకుండా వధించిన పశువు మాంసంపై ఐరోపా సేంద్రియ చిహ్నం ఉండరాదని 2019లో సమాఖ్య న్యాయస్థానం తేల్చింది. వధ పద్ధతిని లేబుల్‌పై తెలపాలని చట్టం కోరితే, మతాచార వధతో పాటు తక్కిన పద్ధతులన్నింటికీ ఆ నియమం వర్తించాలి.