ఫిలిప్పీన్స్ ఊళ్లు తిరుగుతూ గుర్తుండిపోయే భోజనం చేయాలంటే ఎలా?

ఫిలిప్పీన్స్ వెళ్లొచ్చిన మనవాళ్లను అక్కడి తిండి ఎలా ఉందని అడిగితే ఎక్కువమంది ఒకటే మాట అంటారు: "చప్పగా ఉంది, ఉప్పూ కారం లేదు." ఈ మాటతో నేను ఒప్పుకోలేను. అక్కడ వంటలో సగమే వంటింట్లో అవుతుంది, మిగతా సగం తినేవాడు బల్ల దగ్గర కూర్చుని తన చేత్తో పూర్తి చేసుకోవాలి. ఆ సంగతి తెలియక, పెట్టింది పెట్టినట్టు తినేస్తే చప్పగానే ఉంటుంది. రెండో పొరపాటు మనీలా మాల్‌లో దొరికిన హోటల్లోనే అన్నీ తినేయాలనుకోవడం. ఆ దేశంలో ఏ వంటకానికి ఆ ఊరుంది. 2025 జూన్ నుంచి భారతీయులకు 14 రోజుల దాకా వీసా లేకుండా తిరిగే వీలు వచ్చాక మనవాళ్ల రాకపోకలు పెరిగాయి కాబట్టి, వెళ్లే ముందు ఈ వరుసలో చూసుకోండి.

1. ముందు ఊరికో వంటకం రాసి పెట్టుకోండి

హోటల్ పేర్లు తర్వాత వెతుక్కోవచ్చు. ముందు మీరు ఆగే ఊరు దేనికి పేరు పడిందో తెలుసుకోండి.

మనీలాలో అయితే బినొండో. 1594లో ఏర్పడిన ఈ చైనా పేట ప్రపంచంలోకెల్లా పాతదని చెబుతారు. ఉదయం పూట ఖాళీ కడుపుతో ఓంగ్‌పిన్ వీధిలో నడవడం మొదలుపెట్టండి. న్యూ పో హెంగ్‌లో తాజా లుంపియా ఒకటి తినండి. పల్చటి రేకులో కూరగాయల తురుము, పల్లీల పొడి వేసి చుట్టి ఇస్తారు, నూనెలో వేయించరు. ఆ తర్వాత 1912 నాటి ఎంగ్ బీ టిన్ దుకాణంలో ఊదారంగు పెండలం పెట్టిన హోపియా అనే తీపి బిళ్లలు కొనుక్కోండి. ఒక్కచోటే కడుపు నింపుకోకండి, నాలుగైదు చోట్ల కొంచెం కొంచెం తింటేనే బినొండో రుచి తెలుస్తుంది.

సెబూకి లెచోన్. లెమన్‌గ్రాస్, వెల్లుల్లి, ఉల్లికాడలు కడుపులో కూరి, నిప్పుల మీద గంటల తరబడి తిప్పుతూ కాల్చిన పంది ఇది. మసాలా అంతా లోపలే ఉంటుంది కాబట్టి సెబూలో దీన్ని ఉత్తగానో, కాస్త వెనిగర్‌తోనో తింటారు. మనీలాలో అయితే లివర్ సాస్ పోస్తారు. నా ఓటు సెబూ పద్ధతికే. వీలైతే నగరానికి 40 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న కార్కార్ బజారుకు పొద్దున్నే వెళ్లండి. అప్పుడే దించిన లెచోన్ తోలు పటపటమంటుంది. మధ్యాహ్నం దాటితే మెత్తబడిపోతుంది, అప్పుడు తిని లాభం లేదు.

ఇలోయిలోను చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే తిండి కోసం ఒక్క ఊరికే వెళ్లగలనంటే ఇలోయిలోకే వెళ్లమంటాను. 2023లో యునెస్కో దీన్ని ఆహార సృజన నగరాల జాబితాలో చేర్చింది, ఆ దేశంలో ఈ గౌరవం అందుకున్న మొదటి ఊరు ఇదే. ఇక్కడి లా పాజ్ బజారులోనే బాచోయ్ పుట్టింది. గిన్నెలో నూడుల్స్, పంది మాంసం, కార్జం ముక్కలు, పైన వేయించిన వెల్లుల్లి, నలిపిన చిచరోన్ (కరకరలాడేలా వేయించిన పంది తోలు), వాటి మీద పొగలు కక్కే పులుసు. పులుసు అయిపోతే చాలా హోటళ్లలో మళ్లీ ఊరికే పోస్తారు, మొహమాటపడకుండా అడగండి. పక్కన పుట్టు లాంటి బియ్యపు పిండి ముద్ద 'పుతో' పెట్టించుకుని పులుసులో ముంచి తినండి. ఇదే ఊళ్లో కడ్యోస్ పేరుతో కందులు, పంది మాంసం, పనసకాయ కలిపి పుల్లగా వండుతారు. కందులు నానబెట్టి వండుకునే మనకు ఆ గిన్నె కొత్తగా ఏమీ అనిపించదు.

ఇలోయిలో నుంచి పడవెక్కితే గంటన్నర లోపే బకోలోద్. అక్కడ ఇనసాల్ అనే కాల్చిన కోడి తినాలి. అల్లం, వెల్లుల్లి, లెమన్‌గ్రాస్, వెనిగర్, కలమాన్సీ నిమ్మరసంలో నానబెట్టి, జాఫ్రా గింజల నూనె పూస్తూ బొగ్గుల మీద కాలుస్తారు. ఆర్డరిచ్చేటప్పుడు 'పాఆ' అంటే తొడ, 'పెచో' అంటే రొమ్ము. తొడే అడగండి, ఎండిపోకుండా ఉంటుంది. బల్ల మీద సీసాలో ఎర్రటి నూనె కనిపిస్తే అది కోడి నూనె, వేడి అన్నంలో ఒక చెంచా కలుపుకోవాలి. మన నెయ్యి చేసే పనే అది చేస్తుంది.

మనీలాకు ఉత్తరాన ఆంజెలెస్ ఊరు సిసిగ్‌కు పుట్టిల్లు. పంది చెవులు, చెంపలు ఉడికించి, కాల్చి, సన్నగా తరిగి ఉల్లిపాయ, మిరపకాయ, కలమాన్సీ కలిపి చేస్తారు. 1970లలో లూసియా కునానన్ అనే ఆవిడ రైలు పట్టాల పక్కన నడిపిన కొట్టు వల్లే ఇప్పటి రూపం దేశమంతా పాకింది. వేరే ఊళ్లలో గుడ్డు, మయొనైజ్ వేసి ఇస్తారు, ఆంజెలెస్ అసలు పద్ధతిలో అవేవీ ఉండవు. ఇక కారం కావాలనుకునేవాళ్లు బికోల్ ప్రాంతానికి, లెగాస్పి ఊరికి వెళ్లాలి. చేమాకును కొబ్బరిపాలలో మిరపకాయలతో దగ్గరికి వండే 'లాయింగ్' అన్నంలోకి అద్భుతంగా ఉంటుంది. దవావ్‌కు డూరియన్, ట్యూనా దవడ కాల్చింది. ఘాటు వాసన వల్ల డూరియన్ పండును హోటల్ గదిలోకి రానివ్వరు, పండ్ల కొట్టు దగ్గరే నిలబడి తినేయండి.

2. నంచుకునేవి కలుపుకోవడం నేర్చుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. బల్ల మీద చిన్న చిన్న సాసర్లు, సీసాలు ఉంటాయి, లేకపోతే 'సౌసావన్' అని అడిగితే తెచ్చిస్తారు. ఒక సాసర్లో రెండు చెంచాల సోయా సాస్ పోసి, గోళీకాయంత కలమాన్సీలు మూడు పిండండి. గింజలు పడకుండా చెంచా అడ్డం పెట్టండి. చిటికెన వేలి గోరంత ఉండే లబూయో మిరపకాయలు రెండు అందులో వేసి చెంచా వెనక భాగంతో చిదమండి. మన కొరివి కారానికి అలవాటుపడ్డవాళ్లకు కూడా ముక్కు కారుతుంది. కాల్చిన చేపకు, కోడికి ఇది సరిపోతుంది.

ప్రతిదానికీ ఇదే వాడకూడదు. చింతకాయతో చేసే పుల్లటి పులుసు సినిగాంగ్‌కు చేపల రసం 'పాతీస్'లో మిరపకాయ నలిపి పక్కన పెట్టుకోవాలి. పులుసులోని ముక్క తీసి అందులో అద్ది, ఆపై అన్నం. వేయించిన వాటికి వెనిగర్ కావాలి. ఇలోయిలో, బకోలోద్‌లలో వెనిగర్ సీసాలో మిరపకాయలు, వెల్లుల్లి, అల్లం ఊరవేసి ఉంచుతారు, దాని పేరు సినమాక్. పల్లీల గుజ్జుతో వండే కారె-కారెకు మాత్రం ఉప్పు వేయరు, పక్కన పెట్టే రొయ్యల ఊరగాయ 'బగోఒంగ్'లోనే ఉప్పంతా ఉంటుంది. దాన్ని ముట్టుకోకుండా కారె-కారె తింటే చప్పగా ఉందనే అంటారు మరి.

మొదట ఒక ముద్ద ఉత్తగా తినండి. తర్వాత ఏది తక్కువైందో, పులుపో, ఉప్పో, కారమో, అది కలుపుకోండి.

3. మీరు తిననివి ముందే చెప్పండి

గొడ్డు మాంసం తిననివాళ్లు తాపా, బులాలో, కార్న్డ్ బీఫ్, కారె-కారె అన్న పేర్లు కనిపిస్తే ఆగాలి. బాకా అంటే ఆవు మాంసం, బాబోయ్ అంటే పంది, మానోక్ అంటే కోడి, ఇస్దా అంటే చేప. ఈ నాలుగూ ఫోన్‌లో రాసుకుంటే చాలు.

శాకాహారులకు కష్టమే, దాచడం ఎందుకు. కూరగాయల వంటకం అని రాసినా అందులో రొయ్యో, పంది ముక్కో, చేపల రసమో పడుతుంది. "నేను వెజిటేరియన్" అంటే మాంసం ముక్కలు తీసి పక్కన పెట్టి అదే కూర తెచ్చిస్తారు, అందులో వాళ్ల తప్పేం లేదు. అందుకని ఒక్కొక్కటి పేరు పెట్టి చెప్పండి: వాలాంగ్ కార్నే, వాలాంగ్ హీపోన్, వాలాంగ్ పాతీస్, వాలాంగ్ బగోఒంగ్. మాంసం, రొయ్యలు, చేపల రసం, ఊరగాయ ఏవీ వద్దని అర్థం. సరుకులన్నీ మనకు తెలిసినవే కావడం ఒక అదృష్టం. మలుంగ్గాయ్ మునగాకు, కంగ్‌కోంగ్ తూటికూర, అంపలాయా కాకరకాయ, పూసో నాంగ్ సాగింగ్ అరటిపువ్వు. వెల్లుల్లి వేసి వేయించిన కంగ్‌కోంగ్, వెల్లుల్లి అన్నం, గుడ్డు తినేవాళ్లయితే కాల్చిన వంకాయతో అట్టు 'తోర్తాంగ్ తలోంగ్' అడిగితే పూట గడిచిపోతుంది. శుక్రవారం చిన్న హోటళ్లలో పెసలు వండుతారు, క్రైస్తవుల మాంసం మానే ఆచారం నుంచి వచ్చిన అలవాటు. ఆ పెసల్లోనూ ఎండు చేప పడుతుంది, అడిగి తీసుకోండి.

పప్పూ చారూ లేక ప్రాణం ఉసూరుమంటే మనీలాలో యునైటెడ్ నేషన్స్ అవెన్యూ చుట్టుపక్కల భారతీయ హోటళ్లు, సరుకుల కొట్లు ఉన్నాయి. దవావ్‌లో అయితే ఇంకా సులువు. అక్కడ వైద్యం చదివే తెలుగు పిల్లలు ఎక్కువ, వాళ్ల కోసం పుట్టుకొచ్చిన మెస్‌లు ఉన్నాయి.

4. వేళ చూసుకుని బయలుదేరండి

మధ్యాహ్న భోజనం పదకొండున్నరకే మొదలవుతుంది, రాత్రిది ఆరున్నరకు. మనలా తొమ్మిదింటికి వెళ్తే చిన్న హోటళ్లలో మంచివన్నీ అయిపోయి ఉంటాయి. సాయంత్రం మూడు నాలుగు మధ్య 'మెరియెండా' అనే చిరుతిండి వేళ ఉంది, తురిమిన ఐసు, పాలు, తీపి ముక్కలు కలిపి ఇచ్చే హాలో-హాలో తినాల్సింది అప్పుడే. ఆదివారం చర్చి అయ్యాక కుటుంబాలకు కుటుంబాలే హోటళ్లకు వస్తాయి, ఆ మధ్యాహ్నం బుక్ చేసుకోకుండా వెళ్లొద్దు. నెలకు రెండుసార్లు, 15న, నెలాఖరున జీతాలు పడతాయి. ఆ రోజు శుక్రవారం అయితే మనీలాలో ట్రాఫిక్ కదలదు, మీరున్న పేటలోనే తినేయండి. గుడ్‌ఫ్రైడే నాడు చాలా హోటళ్లు మూసేస్తారు.

5. పెద్ద హోటల్లో ఒక్క పూట తినండి

ప్రతి ఊళ్లో బఫేకి పోతే డబ్బూ కడుపూ రెండూ పాడవుతాయి. ప్రయాణం మొత్తానికి ఒకటి చాలు. నా ఎంపిక 1912లో తెరిచిన మనీలా హోటల్. అమెరికా సేనాని డగ్లస్ మెక్‌ఆర్థర్ కుటుంబం 1941 దాకా కాపురం ఉన్నది ఇక్కడే. కెఫే ఇలాంగ్-ఇలాంగ్ బఫేలో విదేశీ వంటల వైపు పోకుండా ఫిలిపినో వరుస దగ్గరే ఆగండి. అంత ఖర్చు వద్దనుకుంటే మకాటీలో పెనిన్సులా హోటల్ లాబీలో కూర్చుని, సంగీతం వింటూ, ఒక హాలో-హాలో ఇద్దరు పంచుకోవచ్చు.

పాత జాబితాలను నమ్మి బయలుదేరకండి. అందరూ చెప్పే మనీలా సోఫిటెల్ హోటల్లోని స్పైరల్ బఫే 2024 జూలై 1న హోటల్‌తో పాటే మూతపడింది. చాలా బఫేల్లో తినకుండా వదిలేస్తే అదనంగా వసూలు చేస్తారు, కొద్దికొద్దిగా వడ్డించుకోండి. కొత్త తరం షెఫ్‌ల వంట చూడాలంటే 2025 చివర్లో వచ్చిన, మంచి హోటళ్లకు నక్షత్రాలిచ్చే మిషెలిన్ గైడ్ మొదటి ఫిలిప్పీన్స్ జాబితా తిరగేయండి. హెల్మ్‌కు రెండు నక్షత్రాలు, తోయో ఈటరీకి ఒకటి వచ్చాయి. వీటికి ముందుగా బుక్ చేసుకోవాలి.

6. ఒక్కసారైనా బజారు సరుకు వండించుకోండి

మనీలాలో మకపగాల్ రోడ్డు పక్కన 'దాంపా' ఉంది. ముందు చేపల బజారు, వెనక హోటళ్లు. మీరే రొయ్యలు, పీతలు, చేపలు బేరమాడి కొని హోటల్‌కు ఇస్తే, కిలోకి ఇంత అని కూలి తీసుకుని వండిపెడతారు. కొనకముందే వండే ధరల పట్టిక అడిగి చూడండి. తూకం మీ కళ్ల ముందే వేయించండి. వెంటపడి లాక్కెళ్లే మనుషులు ఉంటారు, తొందరపడకుండా ఒక చుట్టు తిరిగి రండి. వండేటప్పుడు పక్కన నిలబడి "ఇంకో నాలుగు మిరపకాయలు" అన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

సెబూ పక్కన మక్తాన్‌లో ఇదే పద్ధతికి సుతుకిల్ అని పేరు. ఒకే చేపలో కొంత కాల్చి, కొంత పులుసు పెట్టి, కొంత వెనిగర్‌లో నానబెట్టి ఇస్తారు. నానబెట్టింది పచ్చిదే, కడుపు నమ్మకం లేనివాళ్లు మానేయండి. అన్నం 'పూసో'గా వస్తుంది. కొబ్బరాకు అల్లి అందులోనే బియ్యం ఉడికిస్తారు. కత్తితో అడ్డంగా రెండుగా కోసి ఇస్తారు, ఆకు విప్పుకుంటూ తినాలి. ప్లాస్టిక్ గ్లవ్ ఇస్తారు, చెయ్యి కడుక్కుని ఉత్త చేత్తో తిన్నా ఎవరూ వింతగా చూడరు.

7. బిల్లు దగ్గర

అక్కడి డబ్బు పెసో, ఒక్కోటి మన రూపాయిన్నర చిల్లర. ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉంటే దాని మీద సర్వీస్ చార్జి, 12 శాతం పన్ను అదనంగా పడతాయి. పెద్ద హోటళ్లలో ఇది మామూలే. సర్వీస్ చార్జి తరచు 10 శాతం. 2019లో వచ్చిన చట్టం ప్రకారం ఆ మొత్తం పనివాళ్లకే చెందాలి, కాబట్టి బిల్లులో అది ఉంటే వేరే టిప్పు ఇవ్వాలన్న మొహమాటం అక్కర్లేదు. లేకపోతే కొంత బల్ల మీద పెట్టండి. చిన్న హోటళ్లలో కార్డు నడవదు, చిల్లర నోట్లు ఉంచుకోండి.

వడ్డించేవాళ్లను పిలవడానికి పెద్ద పెద్ద మాటలు అవసరం లేదు. మగవాళ్లను కూయా, ఆడవాళ్లను ఆతే అంటే సరిపోతుంది, మనం అన్నా, అక్కా అన్నట్టే. మిగిలింది పారేయకుండా "టేకౌట్" అంటే కట్టి ఇస్తారు. సెబూలో మిగిలిన లెచోన్‌ను వెనిగర్ పోసి మళ్లీ వండుతారు, మర్నాటి పొద్దున వెల్లుల్లి అన్నంలోకి అది మొదటిరోజు కన్నా బాగుంటుంది.