బరువు తగ్గించే శస్త్రచికిత్సకు ఒప్పుకునే ముందు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డు ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువారిలో చాలామందికి బేరియాట్రిక్ సర్జరీ అన్న మాట మొదట ఫోన్‌లో ప్రకటనగానే ఎదురవుతుంది. ఆ ప్రకటనలో ఒకే మనిషివి రెండు ఫొటోలుంటాయి, ఆ రెంటికీ నడుమ ఏం జరిగిందో మాత్రం ఉండదు. షుగరుతో, నూరు కిలోలు దాటిన బరువుతో అవస్థపడుతున్న మా బావగారి వెంట ఈ ఊళ్లో మూడు ఆసుపత్రులు తిరిగినప్పుడు తెలుసుకున్న సంగతులను, తరువాత చదివి సరిచూసుకున్న విషయాలతో కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మొదట చూసుకోవలసింది బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే అది వస్తుంది. 165 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువు ఉన్న వ్యక్తికి అది 34.9. అమెరికాలో 1991లో ఏర్పరచిన ప్రమాణాల ప్రకారం 40 దాటినవారికి, లేదా 35 దాటి షుగరు, బీపీ వంటి జబ్బులున్నవారికి మాత్రమే ఈ శస్త్రచికిత్స చేసేవారు. ఈ రంగంలోని రెండు పెద్ద వైద్య సంఘాలు 2022లో ఆ హద్దును సడలించి, 35 దాటితే వేరే జబ్బులు లేకపోయినా చేయవచ్చని, ఆసియావాసులకైతే 27.5 నుంచే దీన్ని సూచించవచ్చని చెప్పాయి. మనకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని షుగరు వచ్చేస్తుంది కనుక ఈ తేడా పెట్టారు. అంతమాత్రాన 28 ఉన్న ప్రతి ఒక్కరూ ఆపరేషన్ బల్ల ఎక్కాలని కాదు. వయసు, షుగరు ఎన్నేళ్లుగా ఉంది, గుండె, కాలేయం, నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా, ఇవన్నీ కలిపి చూశాకే వైద్యులు నిర్ణయానికి వస్తారు.

వైద్యుల లెక్క ఇలా ఉండగా బీమా లెక్క వేరుగా ఉంది, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ప్రామాణికం చేసిన నిబంధన ప్రకారం, వైద్యుడి సలహా మీద, 18 ఏళ్లు నిండినవారికి, బీఎంఐ 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటేనే ఈ ఖర్చు చెల్లిస్తారు. 35 దాటినవారి విషయంలో గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ అప్నియా, అదుపులోకి రాని టైప్ 2 షుగరు వంటివి ఉండి, బరువు తగ్గడానికి చేసిన ఇతర ప్రయత్నాలు ఫలించలేదని కూడా తేలాలి. అంటే పై ఉదాహరణలోని 34.9 మనిషికి వైద్యుడు సరేనన్నా బీమా కంపెనీ కాదనవచ్చు. ఆ కాస్త తేడా కోసం బిర్యానీలు తిని బరువు పెంచుకుని వచ్చేవారు కూడా ఉంటారని ఒక డైటీషియన్ మాతో అన్నారు. ఇది నవ్వుకోవలసిన విషయంలా కనిపించినా, కొవ్వు పట్టిన కాలేయం ఇంకా ఉబ్బి ఆపరేషన్‌ను కష్టం చేస్తుంది. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీలలో షరతులు వేరుగా ఉండవచ్చు కనుక, హెచ్‌ఆర్ వారి నోటిమాటతో సరిపెట్టుకోకుండా పాలసీ కాగితంలో ఊబకాయం అన్న పదం ఉన్న ప్రతి వాక్యాన్నీ చదివి, ఈ చికిత్సకు విడిగా పరిమితి ఉందా, ఎంతకాలం వేచి ఉండాలి అన్నవి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

ఇతర మార్గాలను నిజంగా ప్రయత్నించామా అన్నది తరువాతి ప్రశ్న. థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారా, వాడుతున్న మందుల్లో స్టెరాయిడ్లు గాని బరువు పెంచేవి మరేవైనా గాని ఉన్నాయా అన్నది ముందు తేలాలి. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు బరువు తగ్గించడానికి 2025లో మన మార్కెట్లోకి వచ్చాయి కనుక, వాటి గురించి కూడా వైద్యుణ్ణి అడగడం న్యాయం. అవి బాగానే పనిచేస్తాయి గాని, ఆపేస్తే తగ్గిన బరువులో ఎక్కువ భాగం తిరిగి వస్తుంది. బీఎంఐ 30, 32 దగ్గర ఉన్నవారు ముందు వాటిని ప్రయత్నించడం మంచిదని, 40 దాటి షుగరు కూడా ఉన్నవారు ఆపరేషన్‌ను అదేపనిగా వాయిదా వేయడం మంచిది కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. మన దేశంలో ఎక్కువగా చేసే స్లీవ్ పద్ధతిలో కడుపులో సుమారు 75 నుంచి 80 శాతం కోసి తీసేసి, మిగిలిన దాన్ని అరటికాయంత గొట్టంలా చేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే కనుక ఆకలి కూడా తగ్గుతుంది. తీసేసిన కడుపు మళ్లీ రాదు, ఈ మాట ఇంట్లో అందరికీ అర్థం కావాలి. బైపాస్ అనే మరో పద్ధతిలో కడుపు పైభాగాన చిన్న సంచిని వేరుచేసి, దాన్ని చిన్నపేగు మధ్య భాగానికి కలుపుతారు. బరువు, షుగరు తగ్గడంలో సాధారణంగా ఇది ఒక మెట్టు పైనే ఉంటుంది గాని, ఐరన్, బీ12, కాల్షియం లోపాలు కూడా ఇందులో ఎక్కువ. ఇప్పటికే గుండెమంట, పుల్లటి తేన్పులు తీవ్రంగా ఉన్నవారికి స్లీవ్ ఆ బాధను పెంచవచ్చు కనుక బైపాస్ వైపు మొగ్గుతారు. అందుకే నోటి ద్వారా గొట్టం వేసి కడుపును చూసే ఎండోస్కోపీ చేయకుండానే 'మీకు స్లీవ్' అని తేల్చేసే చోట ఆగి ఆలోచించాలి. మేము వెళ్లిన ఒకచోట రక్తపరీక్ష కూడా చేయకముందే ఆపరేషన్ తేదీ, ఈ నెలాఖరు వరకే వర్తించే తగ్గింపు రెండూ చెప్పారు. మేము కాఫీ తాగి బయటికి వచ్చేశాం.

అనుభవమున్న కేంద్రాల్లో దీనివల్ల ప్రాణం పోయే ప్రమాదం వెయ్యికి ఒకరి ప్రాంతంలో ఉంటుంది, అంటే చాలా తక్కువే, కాని సున్నా కాదు. కుట్ల వరసలో లీకు, రక్తస్రావం, కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం, ఇవి ముఖ్యమైనవి. డిశ్చార్జి అయ్యాక జ్వరంతోపాటు గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకుంటున్నా, కడుపునొప్పి ఎడమ భుజానికి పాకుతున్నా తెల్లవారే దాకా ఆగకూడదు. కనుక రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి, వాళ్లలో ఎవరైనా తెలుగులో మాట్లాడతారా అని ముందే అడగండి. ఊరి నుంచి తోడుగా వచ్చిన అమ్మకు ఆ నంబరే ఆధారం. సర్జన్‌ను ఏడాదికి ఎన్ని చేస్తారని, లీకు వస్తే ఇక్కడే సరిచేస్తారా అని అడగడానికి మొహమాటపడకండి. తడుముకోకుండా జవాబిచ్చేవారి దగ్గర ధైర్యంగా ఉంటుంది. సిగరెట్టు కనీసం ఆరు వారాల ముందే మానాలి. పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఆపరేషన్ తరువాత ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి.

ఇక వంటిల్లు. మొదటి రెండు వారాలు పలచని మజ్జిగ, వడకట్టిన పప్పు కట్టు, చారు, ప్రోటీన్ పొడి కలిపిన ద్రవాలే ఆహారం. తరువాత మెత్తగా చేసినవి, నెల దాటాక క్రమంగా మామూలు తిండి. అప్పుడు కూడా ముందు గుడ్డు, చేప, చికెన్, పనీరు, చిక్కటి పప్పు తిని, చోటు మిగిలితేనే రెండు ముద్దల అన్నం. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ చేరాలంటే ఈ వరస తప్పదు. నమలకుండా మింగడం అలవాటైన రాగిసంకటి మొదటి నెలల్లో ఇరుక్కుని ఇబ్బంది పెట్టవచ్చు. అన్నం మధ్యలో గటగటా నీళ్లు తాగడం కుదరదు, అరగంట ఎడం ఉండాలి. కొసరి కొసరి వడ్డించే ఇళ్లలో ఇది ఆపరేషన్ కన్నా కష్టమైన భాగం. పీజీ హాస్టళ్లలో ఉండేవారు కనీసం మొదటి నెలన్నర ఇంటి మనిషి చేతి వంట దొరికేలా చూసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోవాలి. మూడు నెలలు దాటాక జుట్టు ఊడటం మామూలే, చాలావరకు తిరిగి వస్తుంది. విటమిన్ మాత్రలు మాత్రం జీవితాంతం. ఆగకుండా వాంతులవుతూ పాదాలు మొద్దుబారితే అది బీ1 లోపం కావచ్చు కనుక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తపరీక్షలు 3, 6, 12 నెలలకు, ఆ తరువాత ఏటా చేయించాలి. ఉద్యోగం మారి హైదరాబాదు వెళ్లిపోయేవారు ఆపరేషన్ నోట్సు నకలు వెంట తీసుకుపోవాలి, ఎందుకంటే ఏ పద్ధతిలో చేశారో తెలియని కడుపును చూడటం కొత్త డాక్టరుకు కష్టం.

షుగరు ఉన్నవారికి ఇంకొకటి. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను ఆపరేషన్‌కు కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు; తరువాత తిండి ఒక్కసారిగా పడిపోతుంది కనుక ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ మోతాదులను వెంటనే తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా దిగిపోతుంది. మా బావగారు డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టకముందే షుగరు డాక్టరు అపాయింట్‌మెంటు తీసుకుని, మాత్రల డబ్బా మూత మీద ఆ తేదీ రాసుకున్నారు.