ఆఫర్ లెటర్ వచ్చిన రోజే ఫైలు సర్దుకోండి

తిరుపతి బాలాజీ కాలనీలో నాది జిరాక్స్, నెట్ సెంటర్. శ్రీసిటీలో ఉద్యోగం వచ్చిన పిల్లలు జాయినింగ్‌కి ముందురోజు రాత్రి, నేను షట్టర్ దించే టైముకి ఫైలు పట్టుకుని పరిగెత్తుకొస్తారు. అప్పుడు నేను చేయగలిగింది జిరాక్స్ తీయడమే.

ముందు పదో తరగతి మెమో, ఆధార్, పాన్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చదవండి. తంటా అంతా మన ఇంటిపేర్లతోనే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. ఆధార్‌లో 'కె' అని పొడి అక్షరం. పాన్‌లో అది చివరికి పోయుంటుంది. మొన్న పుత్తూరు పిల్లోడికి పాన్‌లో 'రెడ్డి' ఉంది, ఆధార్‌లో లేదు. ఇలాగైతే పీఎఫ్ కేవైసీ (మన వివరాలు సరిచూసుకోవడం) దగ్గర కొట్టేస్తుంది. మెమోలో ఎలా ఉందో మిగతావీ అలాగే మార్పించుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, ఒక్క స్పెల్లింగ్ తప్పుకి ఒక ఛాన్స్ పోగొట్టుకోవద్దు. పుట్టిన తేదీకీ మెమోనే దిక్కు. 2024 నుంచి పీఎఫ్ వాళ్లు దానికి ఆధార్‌ను రుజువుగా తీసుకోవడం లేదు.

ఆధార్‌కి ఏ ఫోన్ నంబరుందో చూసుకోండి. ఎప్పుడో పారేసిన సిమ్‌కి ఓటీపీ పోతుంటే ఇక్కడ కూర్చుని టెన్షన్ పడతారు.

మొదటి ఉద్యోగమైతే ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో ముఖం చూపించి యూఏఎన్, అంటే 12 అంకెల పీఎఫ్ నంబరు తీసుకోవాలి. పాతది ఉంటే అదే చెప్పండి, రెండోది తీయొద్దు. మా అబ్బాయి ఉద్యోగం మారినప్పుడు పాత కంపెనీ వాళ్లు మానేసిన తేదీ ఎక్కించలేదు. పీఎఫ్ బదిలీ అక్కడే ఆగింది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా 'చేస్తాం సార్' అనడమే. మానేసిన రెండు నెలలకి ఆ తేదీ మనమే పోర్టల్‌లో వేసుకోవచ్చని ఆలస్యంగా తెలిసింది. వీటితో పాటు రిలీవింగ్ లెటర్, ఆఖరి మూడు నెలల పేస్లిప్పులు ఫైల్లో పెట్టండి.

బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అడుగుతారు. మన వైపు చాలామందికి సప్తగిరి గ్రామీణ బ్యాంకు ఖాతాలే. 2025 మే 1న అది ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. పాత పుస్తకం చూసి ఐఎఫ్ఎస్‌సీ (బ్రాంచి కోడ్) రాసేయకుండా బ్రాంచిలో అడిగి రాయండి.

ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. ఉంచుకుంటామంటే, ఏమేం ఇచ్చారో రాయించి సీలు, సంతకంతో రసీదు తీసుకోండి. జిరాక్సుల మీద సంతకం, తేదీ వేసి ఇవ్వండి.

కొందరు ఒరిజినల్ మెమో ఇచ్చి లామినేషన్ చేయమంటారు. నేను చెయ్యను. రేపు విదేశాలకని దాని వెనక ముద్ర వేయించాల్సి వస్తే ఆ ప్లాస్టిక్ ఎవరు పీకుతారు?